నా చెయ్యి నాకిచ్చెయ్యి

అమీర్‌పేటలో ఎవరూ ఊరికే నడవరు. ఏదో ఒకటి నేర్చుకోవడానికి పోతుంటారు, లేదంటే నేర్పడానికి. మెట్రో మెట్లు దిగి మైత్రీవనం వైపు నాలుగడుగులు వేస్తే చాలు, చేతి నిండా కరపత్రాలు పడతాయి. ఒకడు జావా అంటాడు, ఇంకొకడు క్లౌడ్ అంటాడు, మరొకడు నెల తిరక్కుండా ఉద్యోగం అంటాడు. అన్నిటి మీదా ఒక ముక్క మాత్రం లావుపాటి అక్షరాలతో ఉంటుంది: హ్యాండ్స్-ఆన్ ట్రైనింగ్. అంటే వినడం కాదు, స్వయంగా చేతులతో చేసి నేర్చుకోవడం. గడ్డాలు మీసాలు వచ్చినవాళ్ళకి దాన్ని అంత గొప్పగా అమ్ముతారా, అదే పేటలో నాలుగేళ్ళ పిల్ల చేతులతో ఏదైనా చేస్తే మాత్రం, "ఫీజు కట్టింది మట్టిలో ఆడుకోవడానికా?" అని నిలదీస్తారు. ఈ న్యాయం ఎక్కడిదో మంజూషకి ఎంత ఆలోచించినా బోధపడలేదు.

మంజూష మధురానగర్‌లో హాస్టళ్ళ మధ్య ఇరుక్కున్న ఒక చిన్న బడిలో ఎల్‌కేజీ టీచరు. తెనాలి అమ్మాయి. నవ్వితే పిల్లల కంటే ముందు తనే నవ్వేస్తుంది, కోపం వస్తే ముక్కు చివర ఎర్రబడుతుంది, రెండూ దాచుకోవడం చేతకాదు. ఆ బడికి వెనక ఒక వరండా ఉంది. ఆమె చేరిన కొత్తలో అక్కడ విరిగిన బల్లలు, తుప్పు పట్టిన కూలరు పడి ఉండేవి. అవన్నీ తీయించి, గచ్చు కడిగించి, దాన్ని పిల్లల గది చేసింది.

ఒక మూల ఇసుక తొట్టి. పక్కన నీళ్ళ బకెట్టు, బుల్లి చెంబులు. గోడకి ఒక పాత చొక్కాని చెక్క మీద పరిచి కొట్టి పెట్టింది, పిల్లలు బొత్తాలు పెట్టడం తీయడం నేర్చుకోవడానికి. కందులూ పెసలూ కలిపి పోసిన పళ్ళెం. వాటిని వేరు చేయడం పిల్లల పని. ఆ పని చేసిన వేళ్ళకే రేపు పెన్సిల్ పట్టుకునే బలం వస్తుందని మంజూష నమ్మకం. ఇంకా, అట్టముక్కల మీద గరుకు కాగితంతో కత్తిరించి అంటించిన అంకెలు. కళ్ళు మూసుకుని వేలితో తడిమి ఏ అంకో చెప్పాలి. ఒక్కో అంకెకీ ఒక్కో చిన్న పాట కట్టింది. ఐదుకి "మెడ దించు, బొజ్జ తిప్పు, టోపీ పెట్టు" అని పాట. పిల్లలు అన్నం తింటూ కూడా గాలిలో ఐదులు తిప్పుతుండేవాళ్ళు.

ఆ గదికే ఇప్పుడు ముప్పు వచ్చి పడింది.

బడి కమలకుమారి గారిది. ఆవిడ చెడ్డమనిషి కాదు, భయస్తురాలు. ఆ ఏడు పంజాగుట్టలో ఒక కొత్త బడి వెలిసింది, చల్లటి గదులతో, గోడంత తెరలతో. అప్పట్నుంచీ ఆవిడకి పిల్లలందరూ అటే పోతున్నట్టు కలలొచ్చేవి. ఆలోచనలో పడితే చేతికి దొరికిన కాగితాన్ని చుట్టి చుట్టి చిన్న పొట్లం చేయడం ఆవిడకి అలవాటు. గుంటూరులో వాళ్ళ నాన్నగారిది కిరాణా కొట్టు. ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పదు గానీ, వేళ్ళు చెప్పేస్తుంటాయి. ఆ బుధవారం మంజూషని ఆఫీసులోకి పిలిచేసరికే బల్ల మీద పొట్లాలు వరసగా పేర్చి ఉన్నాయి.

"ధాత్రి వాళ్ళ నాన్న తారక్ గారు మళ్ళీ పేరెంట్స్ గ్రూపులో పెట్టారమ్మా" అంది. "ధాత్రికి ఒక్క అంకె కూడా రాయడం రాలేదట. పంజాగుట్ట బడిలో ఆ వయసు పిల్లలు యాభై దాకా రాసేస్తున్నారట. ఆయన ఒక్కడు పెడితే కింద ఇరవైమంది బొటనవేళ్ళు ఎత్తారు."

"రాస్తుందండీ. వేళ్ళు ఇప్పుడిప్పుడే కుదురుతున్నాయి. కళ్ళు మూసుకుని అన్ని అంకెలూ చెబుతుంది."

"కళ్ళు మూసుకుని చెబితే ఎవరికి కావాలమ్మా, కళ్ళు తెరుచుకుని రాయాలి గానీ!" కమలకుమారి గారు గోడ వైపు చూపించింది. అక్కడ తాడుతో కట్టిన కాగితాల కట్టలు నడుమెత్తున పేర్చి ఉన్నాయి. వర్క్‌షీట్లు. చుక్కలు కలిపితే ఒకటి, చుక్కలు కలిపితే రెండు. "అచ్చు వేయించేశాను. శనివారం పేరెంట్స్ డే. ఆ రోజు వచ్చినవాళ్ళు తృప్తిగా వెళ్ళారా, సరే, నీ గది నీది. లేదా, సోమవారం ఇసుక తొట్టి మేడ మీదకి, బల్లలు వరండాలోకి. ఇంక నాతో వాదించకు."

మంజూష వాదించలేదు. ముక్కు మాత్రం ఎర్రబడింది.

ధాత్రిని చూస్తే ఎవరికైనా ముద్దొస్తుంది. రెండు పిలకలు, ఎప్పుడూ ఏదో లెక్క వేస్తున్నట్టుండే కళ్ళు. చెంబులోంచి చెంబులోకి నీళ్ళు పోస్తే చుక్క కింద పడదు. గోడ చొక్కా బొత్తాలు అందరికంటే ముందు పెట్టేస్తుంది. కానీ పెన్సిల్ చూపిస్తే చాలు, పెదవి వణికి చేతులు రెండూ గౌను జేబుల్లోకి పోతాయి. సంగతేమిటంటే, వాళ్ళ నాన్న తారక్ రోజూ సాయంత్రం కూతురిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఆమె గుప్పిట్లో పెన్సిల్ పెట్టి, ఆ గుప్పిటని తన గుప్పిట్లో బిగించి రాయించేవాడు. తారక్ కూడా పంతులే. మైత్రీవనంలో కంప్యూటర్ కోర్సులు చెబుతాడు. పిల్ల అంటే ప్రాణం. వెనకబడిపోతుందేమోనన్న భయమే అతనితో అలా చేయించేది.

ఆ నెల మొదట్లో మంజూష పిల్లల్ని ఎర్రగడ్డ రైతుబజారుకి తీసుకెళ్ళింది. పిల్లలు వంకాయల్ని ముట్టుకున్నారు, కొత్తిమీర వాసన చూశారు, తక్కెడ ఎటు ఒరుగుతుందో నోళ్ళు తెరుచుకుని చూశారు. టమాటల కొట్టు ముందు ధాత్రి ఆగిపోయింది. అక్కడ ఒక పలక వేలాడుతోంది, దాని మీద ధర.

"ఇదెందుకు కట్టావు?" అని అడిగింది.

"రాసిపెడితే నోరు నొయ్యది బిడ్డా. లేకుంటే వచ్చినోళ్ళందరు ఎంత, ఎంత అని పానం దీస్తరు" అంది టమాటలామె.

బడికి వచ్చాక వరండాలోనే బజారు పెట్టుకున్నారు. బట్టల హ్యాంగరుకి రెండు కొబ్బరిచిప్పలు కట్టి తక్కెడ చేశారు. నున్నటి గులకరాళ్ళు తూకపు రాళ్ళయ్యాయి, చింతపిక్కలు డబ్బులయ్యాయి. ధాత్రి టమాటల కొట్టు కావాలంది. చింటు పల్లీకాయల కొట్టు పట్టాడు, ఎందుకంటే అమ్ముడుపోకపోయినా తినొచ్చు. పేరెంట్స్ డే నాడు ఇదే బజారు నిజం కూరగాయలతో పెడదామని మంజూష అనుకుంది. పెద్దవాళ్ళు కొనాలి, పిల్లలు అమ్మాలి. చేతులు ఏం నేర్చుకున్నాయో అప్పుడు తెలుస్తుందని ఆమె ఆశ.

అయితే శుక్రవారం మధ్యాహ్నానికి ఆ ఆశ కాస్త సడలింది.

పేరెంట్స్ డే ముందురోజు చాలా బడుల్లో ఒక తంతు నడుస్తుంది. టీచరు పిల్లని ఒళ్ళోకి లాక్కుంటుంది, చెయ్యి పట్టుకుని గబగబా రాయించేస్తుంది, పక్కన బంగారు రంగు చుక్క అంటిస్తుంది. మర్నాడు అది ఫైల్లో మెరుస్తుంది. రాసింది టీచరని తల్లిదండ్రులకి తెలుసు. తెలుసని టీచరుకీ తెలుసు. అయినా అందరూ ఆనందపడి ఫొటోలు తీసుకుంటారు. మంజూష ఆ తంతు చేసిన మనిషి కాదు. కానీ ఆ రోజు ఆఫీసు మీదుగా వస్తుంటే కాగితాల కట్టలు కనిపించాయి, గదికి వచ్చాక ఇసుక తొట్టి కనిపించింది, మనసు జారిపోయింది. ఒక్క అంకె, ఒక్క కాగితం, తారక్ గారి నోరు మూయించడానికి. అంతేగా అనుకుంది.

ధాత్రిని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. గుప్పిట్లో పెన్సిల్ పెట్టింది. ఆ గుప్పిట మీద తన గుప్పిట వేసింది. పిల్ల ఏడవలేదు. ఒళ్ళంతా కొయ్యబారింది. ఐదు మెడ సగం దిగేసరికి తల వెనక్కి వాల్చి మంజూష ముఖంలోకి చూసింది.

"నా చెయ్యి నాకిచ్చెయ్యి మిస్" అంది.

మంజూష పెన్సిల్ వదిలేసింది. అది దొర్లి గోడ దాకా పోయింది. "ఇచ్చేశానమ్మా, ఇంకెప్పుడూ తీసుకోను" అంది. ధాత్రి తన చేతిని ఒకసారి ఇటూ అటూ తిప్పి చూసుకుని, చక్కగా ఉందని నమ్మకం కుదిరాక కందుల పళ్ళెం దగ్గరికి వెళ్ళిపోయింది. మంజూష సిగ్గుతో చాలాసేపు ఆ వైపు చూడలేకపోయింది. గది పోతే పోనీ, ఈ పిల్లకి అబద్ధం మాత్రం రాయించను అని ఒట్టు పెట్టుకుంది.

శనివారం పొద్దున వరండా కళకళలాడిపోయింది. ఎర్రగడ్డ నుంచి తెచ్చిన టమాటలు, బెండకాయలు, పల్లీకాయలు బుట్టల్లో నిగనిగలాడుతున్నాయి. ప్రతి కొట్టు వెనకా ఒక పిల్ల, ప్రతి పిల్ల ముందూ ఒక హ్యాంగరు తక్కెడ. గుమ్మం దగ్గర ఆయా బుచ్చమ్మ నిలబడి వచ్చినవాళ్ళందరికీ గుప్పెడు చింతపిక్కలు పంచుతోంది. "గివే పైసలు. జేబుల నోట్లు ఈడ చెల్లయి" అని హెచ్చరించి మరీ లోపలికి పంపుతోంది.

మొదట్లో పెద్దవాళ్ళు తెల్లబోయారు. ఫైళ్ళేవీ? రైమ్స్ చెప్పరా? చార్టులు కొనిచ్చాం కదా, అవెక్కడ పెట్టారు? గుసగుసలు మొదలయ్యాయి. కమలకుమారి గారు ఒక మూల నిలబడి చేతిలోని ఆహ్వానపత్రాన్ని పొట్లం చుట్టేస్తోంది. తారక్ ఆఫీసు చొక్కాలో వచ్చాడు. వచ్చీ రాగానే, "ధాత్రి నోట్‌బుక్ ఒకసారి చూపిస్తారా మేడమ్?" అని అడిగాడు.

"నోట్‌బుక్కులో చూపించడానికి ఏమీ లేదండీ" అంది మంజూష. "ముందు మీ అమ్మాయి కొట్లో టమాటలు కొనండి."

తారక్ ముఖం మాడ్చుకున్నాడు. ఈలోగా చింటు తాత ఓదెలు రంగంలోకి దిగాడు. పంజాగుట్ట అడ్డాలో ఆటో నడుపుతాడు. ఖాకీ చొక్కాతోనే వచ్చేశాడు. ఆయనకి ఇది ఆట అని తోచలేదు. బజారు అన్నారు కాబట్టి బజారే.

"ఏం బిడ్డా, టమాటలెట్లిస్తున్నవ్?" అన్నాడు ధాత్రి బుట్ట ముందు గొంతుకూర్చుని.

"ఒక తూకం ఐదు చింతపిక్కలు తాతా."

"ఐదా! గింత పిరమా? జర తగ్గియ్యరాదు!" అని ఒక టమాట తీసి ఒత్తి చూశాడు.

"తగ్గదు" అంది ధాత్రి. తక్కెడ ఎత్తింది. ఒక చిప్పలో రాయి, ఇంకో చిప్పలో టమాటలు ఒక్కొక్కటీ వేస్తూ, హ్యాంగరు తిన్నగా నిలిచే దాకా ఆగింది. కొంచెం ఒరిగితే పెద్ద టమాట తీసి చిన్నది వేసింది. చూస్తున్న ఒక తల్లి, "అమ్మో!" అనేసింది పైకి.

అక్కడితో ఆ కొట్టు ముందు జనం మూగారు. ఎంతమ్మా? ఎలా ఇస్తున్నావు? ఎంత, బంగారం? ప్రతివాళ్ళూ అదే అడగడం, ప్రతివాళ్ళూ ఒక టమాట ఒత్తడం. ధాత్రి "ఐదు, ఐదు, ఐదు" అని చెప్పి చెప్పి అలిసిపోయింది. ఆఖరికి వాళ్ళ నాన్న వంతు వచ్చింది. తారక్ వంగి, "ఎంత?" అన్నాడు.

ధాత్రి తక్కెడ కింద పెట్టి, రెండు చేతులూ నడుముకి పెట్టుకుంది. "ఉండు" అంది. జనం కాళ్ళ మధ్యనుంచి దూరి బయటికి నడిచింది.

ఏడవడానికి వెళుతోందనుకుంది మంజూష. కానీ పిల్ల తిన్నగా సామాన్ల అలమార దగ్గరికి వెళ్ళి, కింది అరలోంచి పలక లాగింది. చాక్‌పీసు ఏరుకుంది. కొట్టు దగ్గరికి వచ్చి, పలకని నేల మీద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుంది. అరచేత్తో ఒకసారి పలక తుడిచింది. చుట్టూ ఉన్నవాళ్ళు మెడలు చాచి చూశారు.

ముందు ఒక గుండ్రటి టమాట వేసింది, పైన తొడిమతో సహా. తర్వాత చాక్‌పీసు పక్కకి జరిపి, నాలుక కొస బయటపెట్టి, మెల్లగా గొణుక్కుంది. "మెడ దించు. బొజ్జ తిప్పు. టోపీ పెట్టు."

ఐదు పడింది. అయితే తిరగేసి పడింది. బొజ్జ కుడివైపుకి బదులు ఎడమవైపుకి పోయింది.

"అయ్యో, తప్పు తల్లీ" అంటూ తారక్ ముందుకు వంగాడు. కూతురి చెయ్యి పట్టుకోవడానికి అతని చెయ్యి చాపుకుని వచ్చేసింది. మంజూష తన చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండి" అంది. "దయచేసి ఆగండి."

ఆపిందే గానీ, ఆమె కుడిచెయ్యి కూడా ఊరుకోనంటోంది. ఒక్కసారి వంగి ఆ బొజ్జని ఇటు తిప్పేస్తే అయిపోతుంది. గది దక్కుతుంది. జనం చప్పట్లు కొడతారు. కమలకుమారి గారి చూపు తన వీపు మీద ఉందని తెలుస్తూనే ఉంది. మంజూష రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంది. ఆ కాసేపు చేతులు కదపకుండా నిలబడటం కంటే కష్టమైన పని తన ఉద్యోగంలో ఇంకెప్పుడూ చేయలేదు.

ధాత్రి పలకని చూసింది. తల ఇటు వంచి చూసింది, అటు వంచి చూసింది. ఏదో నచ్చలేదు. చాక్‌పీసు పక్కన పెట్టి కళ్ళు మూసుకుంది. చూపుడువేలిని పలక అంచు మీద ఆనించి, గరుకు కాగితం మీద తడిమినట్టే తడిమింది. మెడ దిగింది. బొజ్జ తిరిగింది. వేలు కుడివైపుకి పోయింది. కళ్ళు తెరిచి పలక చూసి కిసుక్కున నవ్వింది.

"బొజ్జ అటు పోయింది!" అంది. అరచేత్తో చెరిపేసి, మళ్ళీ రాసింది. ఈసారి ఐదు ఐదులాగే నిలబడింది, కాస్త లావుగా, టోపీ కొంచెం వంకరగా. అంతటితో ఆగలేదు. ఐదు పక్కన చుక్కలు పెట్టింది, ఒక్కోదానికి ఒక్కో చింతపిక్కని పలక మీద ఆనించి సరిచూసుకుంటూ.

"చుక్కలెందుకమ్మా?" అని ఎవరో అడిగారు.

"నర్సరీ వాళ్ళొస్తే వాళ్ళకి ఐదు రాదు కదా" అంది ధాత్రి. పలకని బుట్టకి ఆనించి నిలబెట్టి, మళ్ళీ తక్కెడ ఎత్తింది. "ఇంక ఎవరూ అడక్కండి. నోరు నొప్పి."

ఓదెలు ఒక్క అరుపు అరిచాడు. "శభాష్ బిడ్డా! మస్తు రాసినవ్!" ఆ అరుపుకి వరండా రేకులు మోగాయి. చప్పట్లు పడ్డాయి. మంజూష కళ్ళు తుడుచుకోవాలనుకుంది గానీ, చేతులు ఇంకా వెనకే బిగుసుకుని ఉన్నాయి.

అన్నిటికీ ఫోన్ పైకెత్తే తారక్ ఆ రోజు ఫోన్ సంగతే మర్చిపోయాడు. కూతురి ముందు గొంతుకూర్చుని, "అమ్మలూ, ఐదు రాయడం నీకెప్పుడు వచ్చింది?" అని అడిగాడు.

"ఇప్పుడే" అంది ధాత్రి.

"మరి ఇంట్లో ఎందుకు రాయవురా?"

పిల్లకి ఆ ప్రశ్న వింతగా తోచింది. "ఇంట్లో నా చెయ్యి నీ దగ్గరుంటుంది కదా నాన్నా" అంది, మామూలుగా, టమాటలు సర్దుకుంటూ.

తారక్ ఆ పలక మీది ఐదుని మరోసారి చూశాడు. తర్వాత మంజూష వైపు తిరిగాడు. "మా ల్యాబ్‌లో నేను పెట్టిన మొదటి రూలు ఏంటో తెలుసా మేడమ్? స్టూడెంట్ చేతిలోంచి మౌస్ లాక్కోకూడదు. ఎన్ని తప్పులు చేసినా సరే, వాడే చెయ్యాలి. కొత్త ట్రైనర్ ఎవరైనా లాక్కుంటే అందరి ముందూ తిడతాను." అతను నవ్వబోయాడు, నవ్వు సరిగ్గా రాలేదు. "ఇంటికెళ్ళి నేను చేసేది అదే పని."

"నిన్న నేనూ చేశానండీ" అంది మంజూష. "మీ అమ్మాయే నాకు బుద్ధి చెప్పింది."

వాళ్ళ మాట ముగిసేలోగా అవతల గలాటా మొదలైంది. ధాత్రి కొట్టుకి బోర్డు ఉంటే తక్కినవాళ్ళు ఊరుకుంటారా? చింటు పల్లీకాయలు వదిలేసి లేచాడు. "మిస్, నాకు సుత పలక కావాలె! మా తాత పైసలియ్యకుండ తింటుండు, ఎంతనో రాస్త!" బెండకాయల పిల్లకి కావాలి, నిమ్మకాయల పిల్లాడికి కావాలి. అలమార ఖాళీ అయింది. పలకలు దొరకనివాళ్ళు అట్టముక్కల మీద రాశారు. అట్టముక్కలు అయిపోతే నేల మీద రాశారు. మూడు మూడులాగా పడింది, ఏడు పడుకుంది, చింటు రాసిన ఎనిమిది రెండు పల్లీకాయల్లా విడివిడిగా వచ్చింది. పెన్సిలంటే జడుసుకునే పిల్లలు చాక్‌పీసుల కోసం తోసుకుంటున్నారు. యాభై దాకా రాయడం గురించి ఎవరికీ గుర్తు రాలేదు. తల్లిదండ్రులు మోకాళ్ళ మీద వంగి, ఆ వంకరటింకర ధరలు చదువుకుని, చింతపిక్కలు లెక్కపెట్టి ఇస్తున్నారు.

"బండలన్ని కరాబు చేసిండ్రు మేడం, కడగలేక నేను చస్త" అని బుచ్చమ్మ మొత్తుకుంది. మొత్తుకుంటూనే చింటు దగ్గర పల్లీలు కొనుక్కుంది.

అప్పుడొక ఇబ్బంది వచ్చింది. పల్లీలు కొన్నవాళ్ళు వాటిని ఎందులో పట్టుకెళ్ళాలి? దోసిట్లోంచి జారి నేలంతా దొర్లుతున్నాయి. "కాగితం! కాగితం!" అని చింటు కేకలు పెట్టాడు.

కమలకుమారి గారు అంతసేపూ ఆ మూల నుంచి కదల్లేదు. చేతిలో ఆహ్వానపత్రం ఎప్పుడో పొట్లమైపోయింది. ఆవిడ గబగబా ఆఫీసులోకి వెళ్ళింది. ఆవిడ తిరిగొచ్చేటప్పుడు వర్క్‌షీట్ల కట్ట ఒకటి చంకలో ఉంది. దాన్ని చింటు కొట్టు పక్కన దభీమని పడేసి, తాడు పుటుక్కున తెంపి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని నేల మీద చతికిలబడింది. పై కాగితం తీసింది. చుక్కలు కలిపితే ఒకటి. ఒక్క తిప్పు తిప్పి, అడుగు మడిచి, పల్లీలు పోసి, పైన ముడిచి ఓదెలు చేతిలో పెట్టింది. పొట్లం రాయిలా బిగిసి ఉంది.

"ఏందమ్మా, పెద్ద దుకాణందారు లెక్క కట్టినవ్!" అన్నాడు ఓదెలు.

"మా నాన్నగారిది కొట్టే నాయనా" అంది కమలకుమారి గారు, అందరూ వినేట్టుగా. ఆ మాట ఆవిడ నోటివెంట వినడం మంజూషకి అదే మొదటిసారి. చెప్పాక ఆవిడ ముఖం తేటపడింది, పదేళ్ళు తగ్గినట్టుంది. రెండో పొట్లం, మూడో పొట్లం. చుక్కల రెండు, చుక్కల మూడు పల్లీల చుట్టూ తిరిగి అమీర్‌పేట ఇళ్ళకి బయలుదేరాయి. పంజాగుట్ట బడికి ఎప్పుడు మారుద్దామా అనుకుంటూ వచ్చినవాళ్ళే ఇప్పుడు ఆ పొట్లాలు పట్టుకుని, "వచ్చే నెల మళ్ళీ బజారు పెడతారా?" అని అడుగుతున్నారు.

"బుచ్చమ్మా" అని పిలిచింది కమలకుమారి గారు, చేతులు ఆపకుండానే. "ఇసుక తొట్టి ఎక్కడికీ జరపకు. ఇంకో తొట్టి తెప్పిస్తున్నాను. దాన్ని ఎక్కడ పెట్టాలో మంజూష చెబుతుంది."

"సోమవారం బల్లలండీ?" అని అడిగింది మంజూష. ఉండబట్టక అడిగింది, నవ్వు ఆపుకోలేక.

"బల్లలా? ఏ బల్లలు?" అంది ఆవిడ.

చింటు అప్పటికే ఒక వర్క్‌షీటు లాక్కుని తనే పొట్లం చుట్టడం మొదలుపెట్టాడు. అడుగు మడవలేదు. పల్లీలన్నీ కిందనుంచి జలజలా రాలిపోయాయి. కమలకుమారి గారి చెయ్యి చటుక్కున వాడి చెయ్యి మీదకి వెళ్ళబోయింది. సగంలో ఆగింది. ఆవిడ తలెత్తి మంజూషని చూసింది. మంజూష చేతులు ఇంకా వెనకే ఉన్నాయి.

కమలకుమారి గారు తన రెండు చేతులూ మెల్లగా వెనక్కి పెట్టుకుంది.

"మళ్ళీ చుట్టు నాయనా" అంది. "కాగితాలు బోలెడున్నాయి."